ఎదురు చెప్పని రోజు

నాకు నోరు ఎక్కువ. పుట్టింటి వాళ్లు ముద్దుగానూ, అత్తింటి వాళ్లు విసుగ్గానూ చెప్పిన మాట ఇది. చాగలమర్రి నుంచి ఆళ్లగడ్డకు కాపురానికి వచ్చిన తొలి వారంలోనే మా అత్తకు ఆ సంగతి బోధపడింది. పప్పులో ఉప్పు తక్కువైందని ఆమె అంటే, మీకే ఉప్పు ఎక్కువ తినడం అలవాటైందని నేను అన్నాను. ఆమె గిన్నె పక్కకు నెట్టి నా ముఖంలోకి చూసింది. "ఏం పిల్లను తెచ్చుకుంటివి రా నాయనా" అని కొడుకును అడిగింది. ఆయన తలొంచుకుని అన్నం తిన్నాడు. అప్పటి నుంచి రోజుకొక పేచీ లేకపోతే మా ఇద్దరికీ పొద్దు గడిచేది కాదు.

మాది టీచర్ల ఇల్లు. మా ఆయన ఉయ్యాలవాడ హైస్కూల్లో సైన్సు చెప్పేవాడు. పొద్దున బస్సెక్కితే మళ్లీ దీపాల వేళకు దిగేవాడు. నేను ఆళ్లగడ్డలోనే చిన్నపిల్లల బడిలో పనిచేసేదాన్ని. మామ నేను రాకముందే పోయాడు. ఇంటి పెత్తనమంతా అత్తదే. నేను చెప్పబోయేది ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం సెలవుల్లో జరిగింది.

నా మెడ వెనక కింద, సరిగ్గా జాకెట్టు అంచు ఒరుసుకునే చోట, నిమ్మకాయంత కొవ్వు గడ్డ ఉండేది. నొప్పి లేదు గానీ చిరాకు. బడి పిల్లలు వెనక నుంచి దాన్నే చూస్తున్నారని నాకు అనుమానం కూడా. తీయించుకుంటానంటే అత్త ఒప్పుకోలేదు.

"దానికేమొచ్చిందిమ్మే? నీ మానాన నువ్వుండావ్, దాని మానాన అది ఉంది. అన్నం పెట్టమని అడుగుతాందా నిన్ను?"

"అన్నం అడగడం లేదు గానీ జాకెట్టు తొడుక్కోనీయడం లేదత్తా."

ఆ పేచీలో నేనే గెలిచాను. మా ఆయనను వెంటబెట్టుకుని నంద్యాల పోయాను. అక్కడి డాక్టరు వయసు మళ్లినవాడు, మాట కరుకు. గడ్డను వేలితో అటూ ఇటూ కదిలించి "పది నిమిషాల పని" అన్నాడు. నిజంగానే అంతకంటే ఎక్కువ పట్టలేదు. తిమ్మిరి సూది వేసి, కోసి, కుట్లు వేసి, దూది పెట్టి కట్టు కట్టాడు. మాత్రలిచ్చి, అన్నీ అయ్యేదాకా మానకుండా మింగమన్నాడు. లేచి వస్తుంటే వెనక నుంచి పిలిచి మరీ చెప్పాడు. "జ్వరం వచ్చిందంటే మటుకు ఆగొద్దు. ఎంటనే రావాల."

సాయంత్రం బస్సులోనే తిరిగొచ్చాం. బస్సు కిటకిటలాడుతోంది, ఎండ ఇంకా చల్లారలేదు. చెమటకు కట్టు తడిసి ముద్దయింది. పక్కనున్న ఆమె టమాటాల గంప దించుకుంటూ దాని అంచు నా మెడకు రాసింది. నేను ఆమెతో కాసేపు వాదించాను కూడా. మరునాడు పొద్దున్నే లేచి నేనే పొయ్యి ముట్టించాను. "ఈమాత్రానికి మంచం ఎక్కుతారా ఎవరైనా" అని అత్తకు వినబడేలా అన్నాను. ఆమె వినబడనట్టు చాట అందుకుంది.

ఆ తర్వాత చలి మొదలైంది. రోహిణి కార్తె ఎండల్లో దుప్పటి కావాలన్నాను. ముందు అందరూ ఎండదెబ్బ అనుకున్నాం. మరుసటి పొద్దుకు ఒళ్లు కాలిపోతోంది. పొట్ట మీద, చేతుల మీద, మెడ చుట్టూ ఎర్రటి దద్దుర్లు పొక్కాయి. అత్త నా జాకెట్టు చేతులు పైకి లాగి చూసింది, కొంగు తప్పించి పొట్ట చూసింది. ఆమె ముఖం వాడిపోయింది. నా తలగడ కింది మాత్రల పొట్లం తీసి గూట్లో పెట్టి, గూటికి తలుపు వేసింది.

"ఇంక మాత్రలు వద్దు. సూది మాట అస్సలు ఎత్తొద్దు" అంది.

ఆ ఎండాకాలం మా వీధిలో పిల్లలకు ఆటలమ్మ పోసింది. ఎదురింటి గుమ్మానికీ, పక్కింటి గుమ్మానికీ వేపమండలు వేలాడుతున్నాయి. జ్వరం వచ్చి ఒళ్లు పొక్కిందంటే అది అమ్మోరే, ఇంకో ఆలోచన లేదు. అమ్మోరు ఒంట్లో ఉన్నప్పుడు మందు మింగినా, సూది పడినా, పైకి రావలసింది లోపలికి తిరిగి మనిషిని తీసుకుపోతుందని మా వైపు గట్టి నమ్మకం. జ్వరం వస్తే ఆగొద్దన్న డాక్టరు మాట గుర్తున్నా, ఆ నమ్మకం నాలోనూ ఎక్కడో ఉంది. అత్తకు ఇంకా గట్టిగా ఉంది. ఎందుకో నాకప్పుడు తెలియదు.

అయితే ఇక్కడొక చిక్కుంది. మేం క్రైస్తవులం. మా ఆయన తాత కాలం నుంచీ ఆదివారం గుడికి పోయే ఇల్లు. అమ్మోరు అనే మాట మా అత్త నోట రాకూడదు. అందుకని ఆమె "వేడి చేసింది" అంది. వేడికి మంచం మీద వేపాకు పరిచింది. వేడికి ఇంట్లో తాలింపు మానేసింది. వేడికి నా తల దువ్వనీయలేదు, మా ఆయనను గడ్డం గీసుకోనీయలేదు. గుమ్మానికి వేపమండ కట్టి, అది దోమలకు అంది. ప్రార్థన చేయడానికి మా గుడి పాస్టరు అయ్యగారు వస్తున్నారని తెలిసి ఆ మండను తీసి నీళ్ల తొట్టి వెనక దాచింది. ఆయన నా తల మీద చేయి పెట్టి ప్రార్థన చేసి, కాఫీ తాగి వెళ్లాడు. ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో మండ మళ్లీ గుమ్మానికి ఎక్కింది.

నేను మంచం మీద నుంచి అంతా చూస్తున్నాను. "అయ్యగారు ఉన్నంతసేపు దోమలు రావా అత్తా?" అన్నాను.

"నోరు మూసుకోని పండుకో."

మేం హిందువులమైతే ఏమయ్యేదో నేను చాలాసార్లు ఆలోచించాను. అమ్మోరి సంగతులు తెలిసిన పెద్దామెను ఎవరినో ఒకరిని పిలిచేవాళ్లు. ఆమె దద్దుర్లు చూసి, ఇది ఆ తల్లి కాదమ్మా, ఇంకేదో అని చెప్పేదేమో. మా ఇంట్లో ఆ పేరు ఎత్తకూడదు కాబట్టి, అవునా కాదా అని ఎవరినీ అడగడానికి లేకపోయింది. డాక్టరును అడిగితే సూది వేస్తాడు. అయ్యగారిని అడిగితే పరువు పోతుంది. మా మధ్య వేడి అనే ఒక్క మాట మిగిలింది. దానితోనే రోజులు నెట్టుకొచ్చాం.

మా ఆయన సంగతి చెబితే ఇప్పటికీ నాకు మండుతుంది. ఎనిమిదో తరగతికి సూక్ష్మజీవుల పాఠం చెప్పే మనిషి. పుండు ఎందుకు చీము పడుతుందో బోర్డు మీద బొమ్మ వేసి చూపించే మనిషి. ఆయన గది వాకిట్లో నిలబడి ఒక్కసారి మాత్రం అన్నాడు. "అమా, నంద్యాలకు తీసకపోదామా?" అత్త తలెత్తి ఆయన వంక చూసింది. ఆయన నేలచూపులు చూస్తూ అక్కడి నుంచి తప్పుకున్నాడు. మగపిల్లలు తల్లికి ఇంత భయపడతారా అని ఆ జ్వరంలో కూడా నాకు ఒళ్లు మండింది.

ఆ తర్వాతివి నాకు ముక్కలు ముక్కలుగా గుర్తున్నాయి. మెడ వెనక ఏదో కుతకుతలాడుతున్నట్టు ఉండేది. ఆ కట్టును ఎవరూ విప్పలేదు, అటు తిప్పి పడుకోబెట్టినా నేను అరిచేదాన్ని. మిద్దె దూలాలు నెమ్మదిగా పక్కకు జరుగుతున్నట్టు కనిపించేవి. కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. ఒళ్లు మాత్రం మండుతోంది. మొదట్లో చచ్చిపోతానని భయం వేసింది. ఏడ్చాను కూడా. తర్వాత ఆ భయం కూడా ఎటో పోయింది. అన్నిటికంటే చెడ్డ ఘడియ అదేనని ఇప్పుడు తెలుస్తోంది.

ఒక పొద్దున అత్త మజ్జిగలో కలిపిన రాగి గంజి తెచ్చింది. నేను పెదవులు విప్పలేదు. ఆమె మామూలుగానే మొదలుపెట్టింది. ఈ ముక్క అత్త నోట విని తర్వాత మా ఆయన నాకు చెప్పాడు, నాకేమీ గుర్తు లేదు.

"పది నిమిషాల పనంటివే. చెప్తే వింటివా? అందంగా కనపడాలని మెడ కోయించుకోనొస్తివి. మీ అమ్మ నీకు బుద్ధి నేర్పలే."

మా అమ్మ మాట ఎత్తితే నేను ఊరుకునేదాన్ని కాను. అది ఆ ఇంట్లో కుండకూ పొయ్యికీ కూడా తెలుసు. ఆమె ఒక నిమిషం ఆగి చూసింది. నేను పలకలేదు. ఆమె ఇంకొంచెం గొంతు పెంచింది.

"ఏందీ, పలకవ్? మీ అమ్మను అంటాండా. వినపడ్లేదా? బుద్ధి లేని మనిషి మీ అమ్మ."

"అవునత్తా" అన్నానట.

ఆమె గంజి గిన్నె కింద పెట్టేసింది. పెట్టడం కూడా కాదు, చేతిలోంచి జారింది. వాకిట్లోకి పరుగెత్తి కొడుకును కేకేసింది.

"రేయ్! పో, బిరీన పోయి జీపు మాట్లాడుకోని రా. ఈ పిల్ల పోతాంది రా!"

"ఏమైందిమా?"

"వాళ్లమ్మను తిడితే అవునంటాంది రా! అవునంటాంది!"

మా ఆయన పెరిగిన గడ్డంతో, చొక్కా గుండీలు పెట్టుకోకుండానే వీధిలోకి ఉరికాడు. చెనక్కాయల వ్యాపారి జీపు ఒకటి దొరికింది. నన్ను దుప్పటితో సహా ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టారు. అత్త బైబిలు చంకన పెట్టుకుని బయలుదేరింది. గడప దాటి ఆగి, వెనక్కి తిరిగి గుమ్మానికున్న వేపమండలో ఒక రెబ్బ తుంచి నా తలలో గుచ్చింది. ఏదో ఒకటి పనిచేయకపోతుందా అనుకుని ఉంటుంది.

ఆ ప్రయాణంలో నా తల ఆమె ఒళ్లో ఉంది. శిరివెళ్ల దాటాక కాబోలు, కుదుపుకు కొంచెం తెలివి వచ్చింది. ఆమె పైకి చూస్తూ ఎవరితోనో తగాదా వేసుకుంటోంది. "ఏమన్నా ఉంటే నాతో పెట్టుకో. ఈ పిల్ల జోలికి రావద్దు. నాతో పెట్టుకో." ప్రభువుతో ఆమె అలా మాట్లాడదు. ప్రార్థన చేసేటప్పుడు ఆమె గొంతు మెత్తగా ఉండేది. ఆ రోజు ఎవరిని గద్దించిందో నేను ఎన్నడూ అడగలేదు.

డాక్టరు కట్టు విప్పగానే గదంతా వాసన నిండింది. ఆయన ముఖం చిట్లించాడు. నాడి చూశాడు, చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూశాడు.

"మాత్రలు మింగిందా?"

మా ఆయన అత్త వైపు చూశాడు.

"నిన్నే అడిగేది సారూ. మింగిందా లేదా?"

"లేదు" అంది అత్త. "నేనే ఆపించినా."

"కోసిన చోట చీము పట్టింది. ఆ విషం నెత్తుట్లోకి ఎక్కింది. ఒంటి మీద ఎరుపంతా దానిదే. ఇంకొక పూట ఆగింటే నా కాడికి తెచ్చేది కూడా దండగ." ఆయన నా తలలోని వేపరెబ్బ చూశాడు. దాన్ని తీసి కిటికీ మీద పెట్టాడు. నర్సును కేకేసి సెలైను, సూదులు తెమ్మన్నాడు.

నర్సు నా చెయ్యి చాపి, "ఎవరన్నా గట్టిగా పట్టుకోండి" అంది. అప్పటిదాకా మంచం పక్కనే ఉన్న అత్త గోడ దాకా వెనక్కి నడిచింది. మా ఆయన ముందుకొచ్చాడు. "నువ్వుండుమా, నేను పట్టుకుంటా" అన్నాడు. ఆమె ఆయన భుజం పట్టి పక్కకు జరిపింది. వచ్చి రెండు చేతులతో నా మణికట్టు పట్టుకుని కళ్లు మూసుకుంది.

"గుచ్చు పాపా" అంది నర్సుతో.

ఆమె చేతులు ఎంతగా వణికాయంటే, "గట్టిగా పట్టుకో పెద్దమ్మా, ఊగుతాంది" అని నర్సు కసురుకుంది. సూది దిగింది. సీసా ఎక్కింది. ఆమె మాత్రం కళ్లు తెరవలేదు, నా చెయ్యి వదలలేదు. అందరూ చెప్పాక కూడా వదలలేదు.

మెడ కుట్లు విప్పి చీమంతా తీశారు. సూదుల మీద సూదులు వేశారు. మొదటి రెండు మూడు రోజులూ డాక్టరు ఏ మాటా ఖాయంగా చెప్పలేదు. తర్వాత ఒక పొద్దున నాకు ఆకలి వేసింది. కిటికీలోంచి ఎండ పడుతోంది, బయట ఎవరో బండి ఎద్దును అదిలిస్తున్నారు, నేను బతికే ఉన్నాను. ఆ సంతోషానికి నాకు నవ్వొచ్చింది. నవ్వితే మెడ నొప్పి పుట్టింది. ఆ నొప్పి కూడా బాగుంది. అత్త గంజి తాగించబోతే ఒక్క గుక్క తాగి, "ఇది గంజా, కుడితా?" అన్నాను. ఆమె వార్డులోని మంచాలన్నిటికీ వినబడేటట్టు, "వచ్చింది, నోరొచ్చింది!" అని అరిచింది. ముక్కూ మొహం తెలియని రోగులు కూడా నవ్వారు.

అత్త బట్టలు ఉతకడానికి పోయిన సమయం చూసి మా ఆయనను అడిగాను. "ఆ రోజు మీ అమ్మ అంతగా ఎందుకు వణికింది?" తనకొక అక్క ఉండేదని ఆయన అప్పుడు చెప్పాడు. ఆ పిల్లకు ఏడేళ్లప్పుడు తట్టు పోసింది. ఎవరెన్ని చెప్పినా వినకుండా మామ ఒక కాంపౌండరును పిలుచుకొచ్చాడు. పిల్ల గింజుకుంటుంటే చెయ్యి పట్టుకుంది అత్తే. సూది వేసిన సాయంత్రమే పిల్ల పోయింది. అప్పటికి మా ఆయనకు నాలుగో ఐదో ఏళ్లు. గడప దగ్గర నిలబడి చూశాడట.

"ఆ పొద్దటి నుంచి మా ఇంట్లో అక్క పేరు ఎవరూ ఎత్తరు" అన్నాడు. "నంద్యాల పోదామన్నప్పుడు అమ్మ నా వంక చూసింది కదా. మల్ల నేను ఏమనేదానికీ నోరు రాలే."

పెళ్లయి నాలుగేళ్లు అదే ఇంట్లో అన్నం తిన్నాను, ఇంకొక బిడ్డ ఉండేదని నాకు తెలియనే తెలియదు. గోడ మీద ఫోటో లేదు. ఎవరి నోటా మాట రాలేదు. అత్త ఉతికిన చీరలు భుజాన వేసుకుని వస్తుంటే ఆమె వైపు కొత్తగా చూశాను. "ఏందీ అట్లా చూస్తాండావ్?" అంది. ఏం లేదన్నాను.

ఇంటికి పంపే రోజు దగ్గరపడింది. అప్పటికి నా అరచేతుల తోలు నానిన శనగ పొట్టులాగా ఊడి, కింద లేత చర్మం వచ్చింది. డాక్టరు మెడ పుండు చూసి, కొత్త దూది పెడుతున్నాడు. అత్త మంచం అవతల నిలబడి ఉంది.

"నాయనా, ఒక మాట అడగాల."

"ఏందమ్మా?"

"ఒళ్లు పొక్కినప్పుడు సూది ఏస్తే బిడ్డ సావదా?"

"ఈ పిల్ల బతికింది సూదులతోనే కదమ్మా. కండ్లతో చూసినావ్ గదా."

"ఈ పిల్ల కాదు" అంది అత్త. తర్వాత నాలుగు ముక్కల్లో చెప్పింది. తట్టు పోసింది, కాంపౌండరు వచ్చినాడు, సూది ఏసినాడు, పాప పోయింది. చివర్న, "చెయ్యి నేనే పట్టుకుంటి" అంది. ఆమె గొంతులో ఏడుపు లేదు. సంతలో ధర చెప్పినట్టు చెప్పింది.

డాక్టరు చేతిలోని పటకారు పళ్లెంలో పెట్టాడు. ఎప్పుడూ నిలబడే మాట్లాడే ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఆ బిడ్డను నేను చూడలేదు పెద్దమ్మా. ఏమైందో ఖాయంగా చెప్తే అది అబద్ధమే అవుతాది. కానీ తట్టు ముదిరి రొమ్ములోకి దిగితే ఆ కాలంలో బిడ్డలు నిలబడేది శానా కష్టం. సూది ఏయించనోళ్ల బిడ్డలు కూడా పోయినారు. నేను కండ్లారా చూసినా. నువ్వు చెయ్యి పట్టుకున్నందుకు మాత్రం పోలేదు."

"ఇంకోసారి చెప్పు నాయనా."

"నువ్వు చెయ్యి పట్టుకున్నందుకు పోలేదు."

అత్త తల ఊపింది. మంచం కోడు పట్టుకుని నెమ్మదిగా నేల మీద కూర్చుంది. డాక్టరు నా కట్టు ముగించి, పక్క మంచం దగ్గరకు పోయాడు. చాలాసేపటికి ఆమె ఒక ఆడపిల్ల పేరు పైకి అంది. నన్ను ఉద్దేశించి కాదు, ఎవరినీ ఉద్దేశించి కాదు. ఆ పేరు ఎలా ఉంటుందో నోటితో అని చూసుకున్నట్టు ఇంకోసారి అంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను బతికినందుకు అంత ఏడవలేదు.

ఇంటికి పోయేటప్పుడు బస్సులోనే పోయాం. నా మెడకు తగలకుండా అత్త నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, తను ఇటు కూర్చుంది. మా ఆయన ముందు సీట్లో. బస్సు నంద్యాల దాటిందో లేదో ఆమె మొదలుపెట్టింది. ఆ పిల్లకు బెల్లం పాకం అంటే ప్రాణమట. కొత్త గౌను కుట్టిస్తే తడిసిపోతుందని వానలో గౌను విప్పి చంకన పెట్టుకుని వచ్చిందట. తమ్ముణ్ని ఎత్తుకోలేక ఈడ్చుకుంటూ వీధంతా తిప్పేదట. మా ఆయన వెనక్కి తిరిగి, సీటు కమ్మీ మీద గడ్డం ఆనించి, నోరు తెరిచి వింటున్నాడు. ఆయన చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. మధ్యలో ఒకచోట అత్త నవ్వింది. ఆ నవ్వు నేను అంతకుముందు వినలేదు.

ఆళ్లగడ్డ బస్టాండులో బస్సు ఆగింది. అందరూ దిగిపోయారు. కండక్టరు వెనక నుంచి వచ్చి, "దిగరేమ్మా, ఇదే ఆళ్లగడ్డ" అన్నాడు.

"ఉండప్పా" అంది అత్త. "నా బిడ్డ సంగతి చెప్పుకుంటాండా."